సాలగ్రామం లోపలి ప్రాణి

మొన్న ఎనిమిదో తరగతి చదువుతున్న మా మనవరాలు, బడిలో ఏదో ప్రాజెక్టు ఇచ్చారని, భూమ్మీద మొట్టమొదటి జంతువులు ఎలా పుట్టాయో చెప్పమని నా పక్కన వచ్చి కూర్చుంది. ముప్పై ఐదేళ్లు ప్రకృతిశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి గనక ఇంట్లో ఇటువంటి పనులన్నీ నాకే తగులుతాయి. తీరా నేను గొంతు సవరించుకునేలోగానే అది నాకు చెప్పడం మొదలుపెట్టింది. కోట్ల ఏళ్ల కిందట ఒకప్పుడు భూమి దాదాపు మొత్తం మంచు కింద ఉండిపోయిందట, ఆ మంచు కరిగాకనే సముద్రంలో ఎముకా గుల్లా లేని మెత్తటి జంతువులు కనబడటం మొదలైందట, ఈ రెంటికీ ఏదో ముడి ఉందని కొందరు శాస్త్రజ్ఞులు అనుకుంటున్నారట. ఫోనులో వాటి బొమ్మలు చూపించింది, తమలపాకుల్లా ఉన్నాయి. నేను ఊఁ కొడుతూ విన్నాను గాని, ‘కరిగాకనే’ అన్న మాట దగ్గర మనసు చివుక్కుమంది. ఆ మాట వినడం నాకది మొదటిసారి కాదు. యాభై ఏళ్ల పైచిలుకు కిందట మా పెరటి వసారాలో బియ్యం ఏరుకుంటూ, అక్షరమ్ముక్క రాని మా మేనత్త అచ్చంగా అదే అంది. నేను పగలబడి నవ్వి, మర్నాడు స్టాఫ్ రూములో ఆ మాట చెప్పి మరో నలుగుర్ని నవ్వించాను.

నా ఈడువాళ్లే ఇది చదువుతారన్న ధైర్యంతో రాస్తున్నాను. మనం చేసిన ఘనకార్యాలు పిల్లలు చెవులు మూసుకునేదాకా చెప్తాం గాని, చేసిన పాపాలు మాత్రం మనలో మనం కూడా చెప్పుకోం. నాకు ఎనభై దాటాయి. ఇంక ఎవరికి భయపడాలో తెలియడం లేదు.

మాది వంశధార ఒడ్డున, కళింగపట్నానికి నాలుగైదు మైళ్ల ఎగువన ఓ మోస్తరు ఊరు. తరతరాలుగా గుడి సేవ చేసుకు బతికిన ఇల్లు. నాన్నగారు పొద్దున్నే గుళ్లో అర్చన ముగించుకు వచ్చి, మళ్లీ స్నానం చేసి, ఇంట్లో సాలగ్రామానికి పూజ చేసేవారు. ఆ సాలగ్రామం కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, నల్లగా, నున్నగా, ఎక్కడా బీట లేకుండా ఉండేది. మా పెద్దలెవరో కాలినడకన కాశీ వెళ్లినప్పుడు తెచ్చారని చెప్పుకునేవారు. పై నుంచి చూస్తే ఏ గుర్తూ కనిపించదు, చక్రాలన్నీ లోపల ఉన్నాయని నాన్నగారు అనేవారు. ఆ రాయికి రోజూ పాలతో, నీళ్లతో అభిషేకం జరగాలి, నైవేద్యం పెట్టాలి, ఆ తర్వాతే మా విస్తళ్లలోకి అన్నం వచ్చేది.

ఆ నైవేద్యం వండేది మా మేనత్త. నాన్నగారికి స్వయానా అక్క. పదిహేనో ఏట భర్తపోయి పుట్టింటికి వచ్చేసింది, నా మూడో ఏట మా అమ్మ పోతే నన్ను చంకనేసుకు పెంచింది. తెల్లారకముందే తడిబట్టతో నూతిలో నీళ్లు తోడడం, గంధం తీయడం, మడితో వండి గిన్నె తెచ్చి దేవుడి గది గుమ్మం దగ్గర పెట్టడం, పెట్టి రెండడుగులు వెనక్కి జరగడం ఆమె పని. ఆడవాళ్లు సాలగ్రామాన్ని ముట్టుకోకూడదు. భర్తపోయినవాళ్లు గడప కూడా దాటకూడదు. ముప్పై ఏళ్ల పైగా ఎవరి కోసం వండుతోందో ఆయన్ని అత్త గుమ్మం అవతల నుంచే, నాన్నగారి వీపు పక్కనుంచి మెడ సాచి చూసేది.

అరవై ఏడో, అరవై ఎనిమిదో, ఆ ప్రాంతంలో నేను వాల్తేరులో డిగ్రీ పూర్తిచేసి మా ఊరి హైస్కూల్లోనే సైన్సు మేష్టరుగా టెంపరరీ మీద చేరాను. ఇరవై మూడేళ్లు. భూగర్భశాస్త్రం చదివినవాడు మా తాలూకాలో నేనొక్కణ్ణే అన్న పొగరు ఒకటి. కళ్లు నెత్తిమీద ఉండేవి. మర్నాటి పాఠం ముందురోజు సాయంత్రం పెరటి వసారాలో పైకి అప్పజెప్పుకునేవాణ్ణి, అత్త చేటలో బియ్యం ఏరుకుంటూ వినేది. క్లాసులో నలభై మంది అడగని ప్రశ్నలు ఆవిడొక్కతే అడిగేది. నీళ్లలో పుట్టిన మొదటి పురుగుకి అమ్మ ఎవరు, దానికి ఆకలేస్తుందని ఎవరు నేర్పారు, ఎముకే లేకపోతే అది ఉండేదని మనకెలా తెలిసింది అని. కొన్నిటికి జవాబు నాకు తెలియదు, తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ, అందుకని ఎగతాళి చేసేవాణ్ణి.

మా వైపు కొండల్లో అటువంటి ప్రాణుల గుర్తులు దొరకవు. అవి భూమి లోపలి వేడికి ఉడికి ఉడికి రూపం మారిన రాళ్లు, వాటిలో ఎప్పుడో ఏదైనా ఉన్నా మిగలదు. ఒరిస్సాలో తాల్చేరు వైపు మాత్రం పూర్వకాలపు మంచు దొర్లించుకొచ్చి వదిలేసిన బండలు ఉన్నాయని కాలేజీలో చెప్పారు. ఆ సంగతి చెప్తే అత్త నమ్మలేదు. మంచంటే ఆవిడకి తెలిసింది ధనుర్మాసంలో గడ్డి మీద పడే తడి ఒక్కటే, అది బండని దొర్లించడమేమిటి? సరే చూపిస్తానని, ఓ ఆదివారం కళింగపట్నం వెళ్లి, చేపల వ్యాపారుల దగ్గర రంపంపొట్టులో ఉన్న ఐసుగడ్డ ఒకటి కొని, గోనెసంచిలో చుట్టి సైకిలు మీద తెచ్చాను. అత్త దాన్ని రెండు చేతులా పట్టుకుంది. చెంపకి ఆనించుకుంది. నెత్తి మీద పెట్టుకుని చిన్నపిల్లలా నవ్వింది. అంతా అయ్యాక, అది చేపల బుట్టలోంచి తెచ్చానని చెప్పాను.

ఆ చెప్పడం కోసమే అప్పటిదాకా ఆగానని కూడా ఇప్పుడు చెప్పాలి. జనవరి నెల సాయంత్రం పూట నూతి దగ్గర మూడుసార్లు తలమీద నీళ్లు కుమ్మరించుకుని, వణుక్కుంటూ వచ్చి, తడి ఆరకుండానే మళ్లీ చేట పట్టుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు.

“ఊరంతా అదే ఉండేదేటిరా అయితే?” అని అడిగింది. అవునన్నాను. చేటలోంచి ఓ మట్టిబెడ్డ ఏరి పారేసి, “చలి పోయేకే కదరా పురుగూ పుట్రా బయటికొచ్చేది. ఆ మంచు కరిగేకే పుట్టుంటాయి అవన్నీ” అంది.

నేను నవ్విన నవ్వు అదే. మంచు యుగాలు పుస్తకంలో ఒక చోట, జీవుల పుట్టుక మరోచోట ఉండేవి, ఆ రెంటినీ ఎవరూ మాకు కలిపి చెప్పలేదు. పుస్తకంలో లేనిది అత్త నోట వస్తే అది జోకు కాక మరేమిటని నా లెక్క.

ఆ వేసవి ముందర మా బడికి ఇన్‌స్పెక్షన్ వచ్చింది. నా టెంపరరీ పోస్టు పర్మినెంటు అవుతుందా, ఇంటికి పంపేస్తారా అన్నది ఆ ఇన్‌స్పెక్షన్ మీదే ఆధారపడి ఉందని హెడ్మాస్టరుగారు నన్ను గదిలోకి పిలిచి మరీ చెప్పారు. మా లేబరేటరీ అంటే సీసాలో ఓ కప్ప, పెచ్చులూడిన గ్లోబు ఒకటి, రెండు బున్సెన్ బర్నర్లు, వాటికి గ్యాసు లేదు. నేను మాత్రం తగ్గకుండా, భూమ్మీద మొదటి రోజుల నాటి ప్రాణిని అధికారిగారి కళ్లెదుట బయటికి తీసి చూపిస్తానని కోతలు కోశాను. లెక్కల మేష్టరు, అయితే దానికి గడ్డి వెయ్యాలా, కుడితి పెట్టాలా అని వెటకారమాడాడు. ఇంక ఎక్కడా వెనక్కి తగ్గే వీలు లేకపోయింది.

నేను చెప్పింది అబద్ధమే, ఆ సంగతి అప్పుడూ నాకు తెలుసు. నేను తీసి చూపిద్దామనుకున్నది మా సాలగ్రామంలో ఉండేదాన్ని, అది మొదటి ప్రాణి కాదు. హిమాలయాలు పుట్టకముందు అక్కడున్న సముద్రంలో ఈదిన గుల్ల జంతువు అది, పెద్ద మంచు యుగాలు గడిచిపోయాక ఎంతో కాలానికి వచ్చింది. కానీ మా ఊళ్లో నన్ను దిద్దగలిగినవాడు ఎవడున్నాడు గనక? దాని లోపల జంతువుంటుందని కాలేజీలో విన్నప్పటి నుంచి మా దేవుడి పెట్టె మీద నాకో కన్ను ఉండనే ఉంది.

నాన్నగారు విజయనగరంలో ఎవరిదో ఉపనయనం చేయించడానికి మూడు రోజులు వెళ్లారు. ఆయన లేనప్పుడు ఇంటి పూజ నాది. రెండో రోజు అభిషేకం అయ్యాక సాలగ్రామాన్ని తువ్వాల్లో చుట్టి గది బయటికి తెస్తుంటే అత్త గుమ్మంలోనే ఉంది. గిన్నె చేతిలో అలాగే ఉండిపోయింది. బడికి తీసుకెళ్లి చూపించి తెచ్చేస్తాననీ, లోపల ఓ ప్రాణి చుట్టచుట్టుకుని ఉంటుందనీ, నాన్నగారికి చెప్పొద్దనీ అన్నాను. విరగ్గొడతానని చెప్పలేదు. ఆవిడ తల అడ్డంగా ఊపుతూనే ఉంది. అప్పుడు నేను చేసిన పని, నోరు మూయించడానికి పిల్లల చేతిలో బెల్లంముక్క పెడతామే, అటువంటిది. గిన్నె తీసి కింద పెట్టి, అత్త కుడిచెయ్యి పట్టుకుని, అరచేతిలో ఆ రాయి పెట్టేశాను.

వద్దురా అనలేదు. రెండో చెయ్యి కూడా తెచ్చి కింద పట్టుకుంది. ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. “ఎంత బరువున్నాడురా” అంది. కాసేపటికి, నాతో కాదు, ఆ రాయితోనే అన్నట్టు, “నీకేనా ఇన్నేళ్లూ వండింది” అంది. కళ్లు నిండిపోయాయి. నాకు బడికి టైమైపోతోంది. తీసేసుకున్నాను. లోపల ప్రాణిని ముందు నీకే చూపిస్తానత్తా అని మాటిచ్చి సైకిలెక్కాను.

అధికారిగారు మా క్లాసుకి వచ్చేసరికి మధ్యాహ్నం పన్నెండు దాటింది. నేను కాలేజీ నాటి సుత్తి తీసి, రాయిని ఇనపకమ్మీ మీద ఆనించి, మూడో దెబ్బకి రెండు చెక్కలు చేశాను. లోపల నిజంగానే ఉంది. ఈ చెక్కలోనూ ఆ చెక్కలోనూ జంతిక చుట్టలాంటి గుల్ల, చుట్టులో గదులు, గదుల మధ్య గోడలు, కొన్ని గదుల్లో పంచదార పలుకుల్లా మెరుస్తూ ఏదో గట్టిపడి ఉంది. కోట్ల ఏళ్లుగా దాని మీద వెలుతురు పడలేదు. పిల్లలు బెంచీలెక్కి చూశారు. అధికారిగారు కళ్లజోడు పైకెత్తి చూసి, బాగుంది అని, హాజరు పట్టీ తెమ్మన్నారు.

కంసాలి దగ్గర కాస్త లక్క తెచ్చి రెండు చెక్కలూ అతికించి, పైన నూనె రాసి పెట్టెలో పెట్టేశాను. అత్త పెరటి గుమ్మం దగ్గర కాచుకుని ఉంది. చూపించమంది. ఇప్పుడు కుదరదు, తర్వాత చూద్దాంలే అన్నాను. నా వేళ్లకంటిన లక్క చూసింది, విరిగిందని అప్పుడు అర్థమైంది ఆవిడకి. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు నాన్నగారు వచ్చి పూజకి కూర్చున్నారు. పాలు పోసి, నీళ్లు పోసి, బట్టతో తుడుస్తుంటే రాయి ఆయన చేతిలో రెండైపోయింది. రెండు చెక్కల్నీ పళ్లెంలో పెట్టి, గొంతు పెంచకుండా, ఎవరు ముట్టారని అడిగారు. నేను గదిలో ఓ పక్క నిలబడి ఉన్నాను, అత్త గుమ్మం అవతల నైవేద్యం గిన్నెతో ఉంది.

నిజం చెప్తే నాకేమయ్యేది? ఓ చెంపదెబ్బ, రెండు రోజుల ఉపవాసం, కొత్త జంధ్యం. ఒక్కగానొక్క కొడుకుని, ఆయన తర్వాత గుడి సేవకి నేను తప్ప వేరే దిక్కు లేదు, నన్ను ఎక్కడికి పంపుతారు? అదంతా నాకు తెలుసు. తెలిసీ, “అత్త చేతిలో చూశాను నాన్నా” అన్నాను. ఒక్క అక్షరం అబద్ధం లేదు అందులో. అంత తెలివిగా నేను నా జన్మలో మరో మాట మాట్లాడలేదు.

“ముట్టేవా అప్పా?” అని అక్కని అడిగారు నాన్నగారు.

అత్త నా వైపు చూసింది. కోపంగా కాదు. పాఠంలో అర్థంకానిచోట, నేను విప్పి చెప్తానని ఎదురుచూస్తూ ఎలా చూసేదో అలాగే చూసింది. నేను జంధ్యం సర్దుకున్నాను. అత్తకి అబద్ధం చేతకాదు, ఆ ధైర్యంతోనే కదా నేను ఆ మాటన్నది.

“ముట్టేను” అంది. విరగ్గొట్టింది ఎవరని ఎవరూ అడగలేదు. ముట్టుకోవడమే అంత పెద్దదైతే విరగడం సంగతి వేరే అడిగేదేముంది?

విరిగిన సాలగ్రామం పూజకి పనికిరాదని మా పెద్దలెవరూ అనలేదు, ముక్కలైనా దేవుడు దేవుడే అని నాన్నగారే తర్వాత అన్నారు. వెండితీగ కట్టించి మళ్లీ పెట్టెలో పెట్టుకున్నారు. ఆ ఇంట్లో పనికిరాకుండా పోయింది అత్త ఒక్కతే. ఆయనకి నీ చేతి వంట ఇంక వద్దప్పా అని నాన్నగారు నెమ్మదిగానే చెప్పారు. వండకపోతే ఆ ఇంట్లో ఆవిడకి వేరే పనేముంది, వేరే చోటేముంది? నాలుగో రోజున, అత్త మెట్టినింటి వైపు మనిషి ఒకతను కొత్తవలసలో రైలుపని వాళ్లకి మెస్సు నడుపుతుంటే, అతనికి కబురు వెళ్లింది. కిరండూలు ఇనుము గనులకి వేసే రైలు లైను పనికి ఆ రోజుల్లో కొత్తవలస నిండా కూలీలే, వంటమనుషులు ఎంతమందైనా కావాలి.

పెట్టె నేనే మోసి బస్సెక్కించాను. దారిపొడుగునా నేను ఏదో అంటానని అత్త చూస్తోందని తెలుస్తూనే ఉంది. బస్సు కదిలే ముందు, “పాలు పొయ్యి మీదున్నాయి, పొంగిపోతాయి, నువ్వెళ్లు” అంది. బస్సు మలుపు తిరిగాక నాకు కలిగింది దుఃఖం కాదు. హమ్మయ్య అనిపించింది. ఇన్నేళ్లలో నన్ను నేను ఎక్కువగా అసహ్యించుకున్నది ఆ హమ్మయ్య గురించే.

ఆ ఏడాదే నా ఉద్యోగం పర్మినెంటు అయింది. ఇంట్లో ఆడదిక్కు లేదని నాకు పెళ్లి చేశారు. రెండేళ్లకి, పరీక్షల డ్యూటీ మీద కొత్తవలస వెళ్లాల్సి వచ్చింది. వెళ్లకుండా ఉందామనే అనుకున్నాను, కాళ్లే తీసుకెళ్లాయి. రైలు పట్టాల పక్కన రేకుల షెడ్డు, లోపల పొగ, బల్లల మీద వరసగా కూలీలు. ఒక పొయ్యి మీద అన్నం, పక్క పొయ్యి మీద చేపల పులుసు. ఆ రెంటి మధ్య మా అత్త, ముక్కుకి కొంగు చుట్టుకుని నిలబడి ఉంది. మడీ లేదు, ఏమీ లేదు. చేతుల మీద కాలిన మచ్చలు. “మామ్మా, సూస్తావేటి, ఇంకో గరిటి ఎయ్యి” అని ఎవడో కేకేశాడు. వడ్డించి తిరిగి నన్ను చూసింది.

ఎందుకొచ్చావనలేదు. కడిగిన అరటాకు తెచ్చి నా ముందు వేసింది. దేవుడికి నైవేద్యం ఎవరు వండుతున్నారని అడిగింది, నా భార్య అని చెప్పాను. పప్పు మరీ పలుచన చెయ్యకుండా చూడమంది, నాన్నగారికి పంటి నొప్పి తగ్గిందా అని అడిగింది. పక్కవాళ్లు లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్లాక, కొంచెం వంగి, ఎవరికీ వినబడకుండా, “చూపిస్తానన్నావు కదరా అప్పుడు. పోనీ చెప్పు. ఏటున్నాది లోపల?” అంది.

ఇల్లు పోయిందని కాదు, రెండేళ్లుగా ఆ మనిషిని తొలిచేస్తున్నది ఇది. ముఖంలో అదే పాత ఆత్రం, చేటలో బియ్యం ఒక్కటే తక్కువ. ఉందని చెప్తే ఎలా ఉందని అడుగుతుంది. చెప్తే చూస్తానంటుంది. చూపించాలంటే ఇంటికి తీసుకెళ్లాలి, తీసుకెళ్లాలంటే నాన్నగారికి నిజం చెప్పాలి. ఇంత ఆలోచనా రెప్పపాటులో చేసేసి, “ఏమీ లేదత్తా. వట్టి రాయే” అన్నాను.

“వట్టి రాయేనేటి” అంది అత్త. అడగడం కాదు, ఊరికే అంది. నేను ఆకులోకి చూస్తూ అన్నం కలుపుకున్నాను. ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుని, మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లింది. మజ్జిగ వేరొకళ్లు తెచ్చి పోశారు.

మరుసటి వానాకాలంలో జ్వరమొచ్చి అక్కడే పోయిందని కార్డు వచ్చింది. నాన్నగారు ఏటికి వెళ్లి స్నానం చేసి వచ్చారు. ఆయనకి నిజం చెప్పడానికి ఇంకా పదేళ్లు టైము దొరికింది నాకు. చెప్పలేదు.

ఇప్పుడు ఆ రాయి మా ఇంట్లోనే, వెండితీగతో సహా, గాజు తలుపుల అల్మరాలో ఉంది. రోజూ నైవేద్యం లేదు, పండగకో పబ్బానికో ఓ అరటిపండు. మా కోడలు ఆదివారాలు దుమ్ము దులిపేటప్పుడు దాన్ని తీసి పక్కన పెడుతుంది, ఒక్కోసారి ఫోను మాట్లాడుతూ పెడుతుంది, తప్పని ఎవరూ అనరు, అనకూడదు కూడా, ఆ పట్టింపు పోవడమే మంచిది. కాని దాన్ని ఒక్కసారి చేత్తో పట్టుకున్నందుకు ఒళ్లంతా వణికిపోయి, లోపల ఏముందో తెలుసుకోవాలని రెండేళ్లు పొగలో నిలబడి ఎదురుచూసిన మనిషి కూడా మా ఇంట్లో మళ్లీ పుట్టలేదు. అటువంటి మనిషికి, చూడగలిగిన ఒకే ఒక్క మనిషికి, అందులో ఏమీ లేదని చెప్పి వచ్చేశాను నేను.